నైస్ అంటే ఎంత మెత్తన?

మినప్పప్పు రుబ్బేటప్పుడు మన ఇళ్లలో చిటికెడు పిండి తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. పలుకు తగలకపోతే నైస్‌గా నలిగినట్టే. పిండిమర దగ్గర "జంతికలకు బాబూ, నైస్‌గా పట్టు" అంటే చాలు, మర అబ్బాయికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఉప్మా రవ్వకైతే బరకగా అంటాం. నైస్‌కు మనం ఇచ్చిన అర్థం వేలికి తగిలే అర్థం. నాన్నను నైస్ చేసి డబ్బులు రాబట్టే కూతురి మాటల్లోనూ ఆ నునుపే ఉంది.

ఇంగ్లీషులో మాత్రం ఈ విశేషణం బాగా అరిగిపోయింది. లాటిన్‌లో దీని మూలానికి అర్థం 'తెలియనివాడు'. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకు చేరినప్పుడు తెలివితక్కువ అనే అర్థంలోనే వాడారు. తర్వాత చాదస్తమైంది, సుకుమారమైంది, సునిశితమైంది. 18వ శతాబ్దానికి వట్టి 'బాగుంది'గా తేలింది. రెండు విషయాల మధ్య సన్నని తేడాను 'నైస్ డిస్టింక్షన్' అనడంలో పాత పదును ఇంకా మిగిలే ఉంది. నాకు ఆ అర్థమే ఇష్టం.

అనువాదంలో నైస్ ఎదురైతే ముందు దాని పక్కనున్న నామవాచకం చూస్తాను. మనిషైతే మంచివాడా, మర్యాదస్తుడా, నెమ్మదస్తుడా? వాతావరణమైతే మరీ చిక్కు. లండన్‌లో ఎండ కాస్తే నైస్, మే నెల విజయవాడలో మబ్బు పడితే నైస్. రెండుచోట్లా 'చక్కని' అని రాసేస్తే పాఠకుడికి ఎండా కనబడదు, మబ్బూ కనబడదు.

రచయిత్రి జేన్ ఆస్టిన్ పోయాక, 1817 చివర్లో వెలువడిన ఆమె నవల 'నార్తాంగర్ అబ్బే'లో నాయిక కేథరీన్ తనకు నచ్చిన నవలను నైస్ అంటుంది. హెన్రీ టిల్నీ ఆ మాట పట్టుకుని, అది బైండింగును బట్టి ఉంటుందని ఏడిపిస్తాడు. నైస్ అంటే పొందికైనదనే పాత అర్థం అతని మనసులో ఉంది. అక్కడ 'మంచి పుస్తకం' అని తెలుగు చేస్తే హెన్రీ మాటకు ఆధారమే పోతుంది. నేనైతే నైస్‌ను కదపను. అట్ట నైస్‌గా ఉందనగానే చేత్తో నిమిరి చూసే అర్థం తెలుగువాళ్లకు తోస్తుంది. హెన్రీ ఉద్దేశించిన పొందిక అచ్చంగా అదే కాకపోయినా, ఆమె నైస్ వేరు, అతని నైస్ వేరు అని ఫుట్‌నోటు లేకుండానే తెలిసిపోతుంది.