పిలవని పేరంటం

1947 ఆగస్టు. యుద్ధం ముగిసి రెండేళ్లయింది. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో అంతర్జాతీయ కళోత్సవాన్ని అట్టహాసంగా మొదలుపెట్టారు. ఆహ్వానం అందని ఎనిమిది నాటక బృందాలు ఊరుకోలేదు. సొంత ఖర్చుతో దిగిపోయి, దొరికిన చోట నాటకం వేసేశాయి. గ్లాస్గో యూనిటీ థియేటర్ వాళ్లు గోర్కీ ‘ద లోయర్ డెప్త్స్’ ఆడారు. ఒక బృందమైతే ఊరవతల, డన్‌ఫర్మ్‌లిన్ అబే చర్చిలో ‘ఎవ్రీమ్యాన్’ ప్రదర్శించింది. అలా పుట్టింది ఎడిన్‌బరో ఫ్రింజ్.

మన పరిషత్తు పోటీల్లో పరిశీలకులు ముందే నాటకం చూసి ఔనంటేనే వేదిక దక్కుతుంది. ఫ్రింజ్‌లో ఆ మెట్టే లేదు. 1958లో కళాకారులే కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నారు. కార్యక్రమాల పుస్తకం వేయడం, టిక్కెట్లు అమ్మడం దాని పని. ఫలానా ప్రదర్శన వద్దు అనే అధికారాన్ని మాత్రం దానికి ఇవ్వలేదు. ప్రపంచ రంగస్థల చరిత్రలో ఇంత ధైర్యమైన నిర్ణయాలు అరుదు. ఈమధ్య ఒక్కో ఆగస్టులో మూడు వేలకు పైగా ప్రదర్శనలు జరుగుతున్నాయంటే దాని చలవే.

అన్ని ప్రదర్శనలకు హాళ్లెక్కడివి? చర్చి హాళ్లు, యూనివర్సిటీ తరగతి గదులు, పబ్బుల వెనక గదులు, వంతెన కింది రాతి నేలమాళిగలు, ఏది దొరికితే అది. ఒకే గదిలో పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా గంటకొక ప్రదర్శన. రెండింటి మధ్య పావుగంట దొరికితే గొప్ప. ఆలోపే ప్రేక్షకులు ఖాళీ చేయాలి, పాత సామాను బయటికి పోవాలి, కొత్త సామాను లోపలికి రావాలి. అందుకే ఇక్కడికొచ్చే దర్శకుడు సూట్‌కేసులో పట్టనిదాన్ని మొదట్లోనే వదులుకుంటాడు. లైట్లు కూడా అందరికీ అవే. మిగిలేది నటుడు, మాట, ఒక కుర్చీ.

ఆ ఒక్క కుర్చీతోనే 2013లో ఫీబీ వాలర్-బ్రిడ్జ్ ‘ఫ్లీబ్యాగ్’ ఆడింది. తర్వాత అది టీవీ సిరీస్ అయి ప్రపంచమంతా తిరిగింది. టామ్ స్టాపర్డ్ ‘రోజెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టెర్న్ ఆర్ డెడ్’ను 1966లో ఇక్కడ తొలిసారి వేసింది ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు. మరుసటి ఏడాదికే దాన్ని లండన్‌లో నేషనల్ థియేటర్ ఎత్తుకుంది.

కాబరేదీ అదే దారి. స్పీగల్‌టెంట్ అని, లోపలంతా అద్దాలు బిగించిన గుండ్రటి చెక్క డేరా ఒకటుంది. 2004లో ‘లా క్లీక్’ అందులోనే మొదలైంది. నడుమ చిన్న వేదిక, చుట్టూ జనం. గారడీ చేసేవాడి నుదుటి చెమట ముందువరస వాళ్లకు కనిపిస్తుంది. పెద్ద ఆడిటోరియంలో ఆ దగ్గరితనం ఎంత డబ్బు పోసినా రాదు.

ఇప్పుడు ఈ ఉత్సవాన్ని పీడిస్తున్నది అద్దె. ఎవరైనా రావచ్చు, నిజమే. కానీ ఆగస్టులో ఊళ్లో గది అద్దెలు కొండెక్కుతాయి. హాలు బాడుగ, నమోదు రుసుము, తిండి కలుపుకుంటే చాలామంది చేతి డబ్బు వదిలించుకుని ఇంటికెళతారు. కాదనే మనిషి లేడు గానీ ఆ పని అద్దె చేస్తోంది. ఇది అన్యాయం.

దీనికి విరుగుడుగా పీటర్ బక్లీ హిల్ అనే కమెడియన్ 1996లో ‘ఫ్రీ ఫ్రింజ్’ మొదలుపెట్టాడు. హాలుకు బాడుగ లేదు, ప్రేక్షకుడికి టిక్కెట్టు లేదు. ఆట అయ్యాక కళాకారుడే గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడతాడు, తోచినంత వేయొచ్చు. మైకొక్కటి చాలనుకునే హాస్యగాడికి ఇది ఊపిరి పోసింది. అయిదారుగురు నటులతో వచ్చే నాటక బృందానికి మాత్రం ఆ బకెట్ డబ్బు బస ఖర్చుకే చాలదు. వాళ్లకు ముందుగా కావాల్సింది ఆ నెల రోజులూ తలదాచుకోవడానికి తక్కువ అద్దె గదులు. ఆ ఊరు ఆ ఏర్పాటు చేసి తీరాలి.