ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటకు రెండర్థాలు. వెల లేనిదీ ఫ్రీయే, కట్టుబాటు లేనిదీ ఫ్రీయే. తెలుగుకు ఆ పేదరికం లేదు. హైదరాబాదు కేంద్రంగా ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకొన్నది. అయినా తెలుగు వ్రాతలలో ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అన్న మాట మానలేదు. ఈ పొరపాటు మాటతో ఆగిపోదు.

డోర్నకల్‌లో ఒక ఉపాధ్యాయుడు పాఠాల వీడియోలను కుదించే ప్రోగ్రాము తయారుచేసి బడులకు అమ్మదలచినాడని ఊహించవచ్చును. కుదించటమంటే ప్రతి బొమ్మను పూర్తిగా దాచక, ముందు బొమ్మకూ దీనికీ గల తేడాను మాత్రమే దాచటం. 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణం ప్రకారం ఈ పని చేసే ఎక్స్264 అనే లైబ్రరీ వెల లేకుండానే దొరుకుతుంది. దానిని కలిపి అమ్మవచ్చునా?

నిస్సందేహంగా అమ్మవచ్చును. ఎక్స్264కు వర్తించే జి.పి.ఎల్. లైసెన్సు రెండవ కూర్పు (1991) అమ్మకాన్ని నిషేధించదు. కాని కొన్నవారికి మొత్తం ప్రోగ్రాము మూలాన్ని కూడా ఇవ్వవలెను. వారు దానిని మార్చుకొన్నా, పంచిపెట్టినా అడ్డుపడరాదు. మూలం దాచదలచినవారికి 2010 నుండి డబ్బు చెల్లించి వేరు లైసెన్సు పొందే మార్గమున్నది. ఇందులో అన్యాయమేమీ లేదు. పరుల శ్రమను దాచుకొని అమ్మేవాడు వెల ఇవ్వవలసినదే.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు సాధారణంగా వర్తించే ఎల్.జి.పి.ఎల్. ఇంత పట్టు పట్టదు. డోర్నకల్ జంక్షన్‌లో రైలుపెట్టెను విప్పి మరొకటి తగిలించినట్లు, కొన్నవాడు ఆ లైబ్రరీని మార్చుకొనే వీలుంచితే చాలు. తక్కిన ప్రోగ్రాము మూలం ఇవ్వనక్కరలేదు. అయితే ఎక్స్264ను చేర్చి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను నిర్మించినచో మొత్తానికి జి.పి.ఎల్. అంటుకొంటుంది. తెలియక తప్పటడుగు పడే చోటు ఇదే.

జి.పి.ఎల్. ఉద్దేశం ఉదాత్తమైనదే, లోపం లేనిది మాత్రం కాదు. ఒక ప్రోగ్రాము ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలగునో అది తేటగా చెప్పదు. పంపిణీదారు షరతులతో ఘర్షణ కూడా రావచ్చును. జి.పి.ఎల్. కింద ఉన్న వి.ఎల్.సి.ని 2011 జనవరిలో ఆపిల్ యాప్ స్టోర్ నుండి తొలగించవలసివచ్చినది. తరువాత దాని మూలభాగాన్ని ఎల్.జి.పి.ఎల్.కు మార్చుటకు, కోడు వ్రాసినవారిని ఒక్కొక్కరినే వెదకి అనుమతి అడిగినారు.

పేటెంట్ల సంగతి మరొకటి. హెచ్.264 పద్ధతులపై అనేక దేశాలలో పేటెంట్లున్నవి. ఎక్స్264 లైసెన్సు చేతిలో ఉన్నంతమాత్రాన ఆ రుసుము తప్పదు. 2013లో సిస్కో ఓపెన్‌హెచ్264ను ప్రకటించి, తాను నిర్మించి పంచే ప్రతికి రుసుము తానే చెల్లించుటకు పూనుకొన్నది. అదే మూలాన్ని తెచ్చి స్వయంగా నిర్మించుకొన్నవారికి ఆ రక్షణ లేదు.