ఉప్పునీటి మెకానిక్కులు

శ్రీహరికోట అనగానే అందరికీ రాకెట్టే గుర్తొస్తుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అక్కడినుంచే లేచింది మరి. ఆ దీవికి పడమట పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం. ఆ నీళ్లలో తిరిగే పడవలకు ఇంజిన్లు బిగించేవాళ్ల పనితనమంటే నాకు రాకెట్ల మీదున్నంత గౌరవం.

నేల మీద తిరగడానికి చేసిన ఇంజిన్‌ను నీళ్లకు మార్చడం తేలిక కాదు. కారు ఇంజిన్ చల్లబడాలంటే రేడియేటరు కావాలి. ఇంజిన్ లోపలి నీటి దారుల్లోకి నేరుగా ఉప్పునీరు పంపితే తుప్పుపట్టి పూడిపోతాయి. గాలితో చల్లబడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజిన్‌కు ఆ బెడద లేదు. దానికి పొడవాటి షాఫ్టు తగిలించి చివర నీటిని తోసే ఫ్యాను బిగిస్తారు. ఇంజిన్, షాఫ్టు కలిసి ఒకే ఆధారం మీద తూగుతాయి. నీరు పల్చబడగానే పిడి కిందికి నొక్కితే ఫ్యాను పైకి లేస్తుంది. పులికాట్‌లో చాలాచోట్ల నడుంలోతు నీరు కూడా ఉండదు. ఇసుకకు తగిలి రెక్కలు విరగకుండా కాపాడేది ఈ ఏర్పాటే.

అసలు నేర్పంతా వరుస కుదర్చడంలో ఉంది. ఇంజిన్, షాఫ్టు ఒకే గీతలో నిలవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా షాఫ్టు అదురుతుంది, బుష్ అరుగుతుంది, డీజిల్ వృథా అవుతుంది. మంచి మెకానిక్కు ఆ తేడాను అరచేత్తో తాకి, చెవితో విని పట్టేస్తాడు. ఎంత గొప్ప విద్య! సముద్రంలో ఇంజిన్ ఆగితే పక్కకు తోసి నిలపడానికి రోడ్డుండదు. అందుకే అతను బిగించిన బోల్టునే మళ్లీ బిగించి చూస్తాడు.