మాట మారినను కామా కదలరాదు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. అంతవరకు కృష్ణా జిల్లా మెట్టప్రాంతములో ఉండిన జగ్గయ్యపేట, నందిగామలు నాటినుండి విజయవాడ ముఖ్యపట్టణముగా గల ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. ఊళ్లు కదలలేదు, జిల్లా పేరు మాత్రము మారినది. ఇట్టి సమయములలో పాఠములందును, ప్రశ్నపత్రములందును పాతపేరు తీసి క్రొత్తపేరు ఉంచవలసివచ్చును. కంప్యూటరులో ఈ పనికి నాలుగు పంక్తుల ప్రోగ్రాము చాలునని ప్రారంభ పాఠములు నేర్పును. ఆ పాఠములలోని పద్ధతులు తెలుగునకు ఎంతవరకు సరిపోవునో పరిశీలింపవలసియున్నది.

ఉదాహరణమునకు ఈ ప్రశ్నోత్తరములను తీసికొందము: “నందిగామ ఏ జిల్లాలోనిది? కృష్ణా. మునేరు ఎందులో కలియును? కృష్ణానదిలో.” ఇందు మొదటి సమాధానము మాత్రమే మారవలెను.

మొదటి పద్ధతి వాక్యమును ఖాళీలవద్ద ముక్కలు చేయుట. అప్పుడు చేతికి వచ్చు ముక్క “కృష్ణా” కాదు, చుక్కతో కూడిన “కృష్ణా.” మనకు రెండును ఒకటే, యంత్రమునకు వేరు. అందుచేత మాట దొరకదు. దీనికి విరుగుడుగా విరామచిహ్నములను ముందే తుడిచివేయుమని కొందరు చెప్పుదురు. అట్లు చేసినచో మాట మారును గాని వాక్యము ఇట్లగును: “నందిగామ ఏ జిల్లాలోనిది ఎన్టీఆర్ మునేరు ఎందులో కలియును కృష్ణానదిలో.” ప్రశ్న ఏదో, జవాబు ఏదో తెలియదు. పైగా పైథాన్ భాష ఇచ్చు విరామచిహ్నముల పట్టికలో ఉన్నవి ఇంగ్లీషు కీబోర్డు మీది 32 గుర్తులే. అచ్చులో వాడు వంపు కొటేషన్ గుర్తులు అందులో లేవు. కావున వాటి నడుమనున్న మాట మారకయే మిగిలిపోవును.

రెండవ పద్ధతి ముక్కలు చేయకుండ, “కృష్ణా” అను అక్షరములు కనబడిన ప్రతిచోట మార్చివేయుట. ఇందు చుక్క, ప్రశ్నార్థకము భద్రముగా ఉండును. కాని “కృష్ణానదిలో” అనునది “ఎన్టీఆర్నదిలో” అగును. గుర్తులు దక్కినవి, నది పోయినది.

మూడవది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పద్ధతి. ఎడతెగక వచ్చు అక్షరముల వరుసయే మాట. దానిని మాత్రము పట్టుకొని మార్చవలెను, తక్కినదానిని ముట్టరాదు. ఈ సూత్రము ఉత్తమమైనది. లోపమెల్ల “అక్షరము” అనుదానికి యంత్రము ఇచ్చుకొన్న అర్థములో ఉన్నది. యూనికోడులో 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగు ఉన్నది. అందు హల్లునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు వేరొక సంఖ్య. “నందిగామ”లో కంటికి నాలుగక్షరములే కనబడినను యంత్రమునకు అవి ఏడు: న, సున్న, ద, గుడి, గ, దీర్ఘము, మ. ఇందు సున్న, గుడి, దీర్ఘములు అక్షరముల తరగతిలో కాక, అక్షరమునంటి ఉండు గుర్తుల తరగతిలో చేర్చబడినవి. పైథాన్ భాషతో వచ్చు ప్రామాణిక పరికరము ఈ తరగతిని మాటలో భాగముగా గ్రహింపదు. అందుచే “నందిగామ” న, ద, గ, మ అని నాలుగు మాటలుగా చీలిపోవును. గుడియు దీర్ఘమును కామాతో సమానమగును. జావాస్క్రిప్ట్‌లో ఇదే పనికి వాడు సంకేతము ఇంకను సంకుచితము: దానికి “న” సైతము అక్షరము కాదు.

దీనికి ఉపాయము మాట యొక్క నిర్వచనమును మనమే ఇచ్చుట. యూనికోడులో తెలుగునకు వరుసగా 128 స్థానములు కలవు. ఆ వరుసలోని వాటిని, “ఎన్టీఆర్‌లో” వంటి మాటలలో పొల్లును తరువాతి అక్షరముతో కలియనీయక ఆపు కంటికి కనబడని గుర్తును కలిపి “మాట” అనవలెను. అప్పుడు “కృష్ణా.” నుండి మాట వేరుగా, చుక్క వేరుగా వచ్చును. “కృష్ణానదిలో” అనునది వేరొక పూర్తి మాట గనుక జోలికి పోదు.

అయినను తెలుగులో మాట వెంట ఉండునది విరామచిహ్నము మాత్రమే కాదు, విభక్తి కూడను. “నందిగామ” కొరకు వెదకిన యంత్రమునకు “నందిగామకు” దొరకదు. విభక్తిని విడదీసి, ఊరిపేరు స్థానములో తెనాలిని ఉంచినచో “తెనాలికు” అని వచ్చును, కావలసినది “తెనాలికి.” ఇకారము తరువాత “కి” వచ్చునను నియమమును ప్రోగ్రామునకు నేర్పవలసినదే.

ఇవన్నియు సరియైన పిదప మిగులు చిక్కు అన్నిటికంటె పెద్దది. “కృష్ణా జిల్లా ముఖ్యపట్టణము మచిలీపట్నము” అను వాక్యము నేటికిని సత్యము. గ్రుడ్డిగా మార్చినచో అసత్యమగును. 2011 జనాభా లెక్కలను గూర్చిన పాఠములో నందిగామ కృష్ణా జిల్లాలోనే ఉండవలెను. జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు దానికి పెట్టెను. ఆ చరిత్రపాఠములో బేతవోలును మార్చినచో జగ్గయ్యపేటకే జగ్గయ్యపేట అని పేరు పెట్టినట్లగును. బేతవోలు ఇంటిపేరుగా గలవారును కలరు.

కనుక ప్రోగ్రాము మార్పులను తనంతట చేసివేయక, ప్రతిమార్పును వాక్యముతోసహా చూపి అనుమతి అడుగునట్లు వ్రాయుట మేలు. ఉపాధ్యాయులు పై ప్రశ్నోత్తరములను విద్యార్థులకిచ్చి మూడు పద్ధతులను పరీక్షింపజేయవచ్చును. గుడి, దీర్ఘములు ఊడిపోయిన తమ ఊరి పేరును ఒక్కసారి చూచిన విద్యార్థి, మాట యనగా ఏమో యంత్రమునకు ముందుగా చెప్పవలెనని మరువడు.