షెడ్డులో మోగే ఇంజను

1989లో దూరదర్శన్‌లో ‘ఉడాన్’ సీరియల్ మొదలైంది. కవితా చౌదరి పోలీసు యూనిఫారంలో కనిపించేసరికి టీవీ ఉన్న ఇంటి వసారా నిండిపోయేది. 1998లో సోనీలో ‘సీఐడీ’ వచ్చింది. దొంగ ఎవరన్నది పెద్దల చర్చ, ఏ కారన్నది పిల్లల గొడవ. నల్ల కాంటెస్సా అయితే విలనే! తెల్ల అంబాసిడర్‌ది హుందాతనమే గానీ వేగం కాదు; తెరమీద దాన్ని ఉరికించిన ఘనత ఎడిటర్లకే ఇవ్వాలి.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చున పుట్టిన అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. పాత బండి ఇంకా నడుస్తోందంటే ఆ పుణ్యం మెకానిక్‌ది. అమలాపురం వైపు షెడ్డులో ఆయన ముందు బానెట్ ఎత్తడు. "ఓసారి స్టార్ట్ చెయ్యండి" అని పక్కన నిలబడి వింటాడు. "ఆయ్, పాయింట్లండి!" అంటాడు. డిస్ట్రిబ్యూటర్ మూత క్లిప్పులు విప్పి, నల్లబడ్డ పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్దుతాడు. అర మిల్లీమీటరు కన్నా తక్కువ ఉండాల్సిన వాటి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో సరిచేసి మూత బిగిస్తాడు. కంప్యూటర్ పెట్టి చూసే ఈ రోజుల్లో ఆ చెవికి నేను ఎక్కువ మార్కులే వేస్తాను.

ఇంజను పని ఒక ఎత్తు, సముద్రగాలికి తుప్పు పట్టే కింది రేకు మరో ఎత్తు. రాజోలు వైపు బళ్లకి ఆ బాధ మరీ ఎక్కువ. టింకరింగ్ కుర్రాడు తుప్పు కోసేసి, కొత్త రేకు అతికి, సుత్తితో వంపు తెస్తాడు. రంగు పడ్డాక అతుకెక్కడో బండి ఓనరే వెతుక్కోవాలి.