విరిగిన మనిషి, విరగని వాక్యం

ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1936 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అమెరికా పత్రిక ఎస్క్వైర్‌లో నెలకొకటి చొప్పున మూడు వ్యాసాలు రాశాడు. మొదటిదాని పేరు 'ది క్రాకప్'. 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవల వచ్చి అప్పటికి పదకొండేళ్లు. వయసు ముప్పై తొమ్మిది. తన మనసు విరిగిపోయిందని, దేనిమీదా ఆసక్తి మిగల్లేదని అందరూ చదివేలా చెప్పుకున్నాడు.

స్నేహితులకు తల కొట్టేసినట్టయింది. ఆ ఆగస్టులో, అదే పత్రికలో, సాటి రచయిత హెమింగ్వే తన కథలో అతన్ని పేరు పెట్టి మరీ దెప్పాడు.

నన్ను పట్టుకున్నది రెండో వ్యాసం. అందులో ఫిట్జ్‌జెరాల్డ్ ఏడవడు, లెక్క చూసుకుంటాడు. ఏది మంచి ఆలోచనో తేల్చడం ఒక మిత్రుడికి, ఎలా బతకాలో మరొకరికి, కళ సంగతి ఇంకొకరికి వదిలేశానని ఒప్పుకుంటాడు. అలా పంచేశాక తనదంటూ ఏమీ మిగల్లేదని గ్రహిస్తాడు. ఆ మూడో మిత్రుడి పేరు చెప్పలేదు కానీ, కళ విషయంలో అతను తలవంచింది హెమింగ్వేకే. బాధ గురించి రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఆ పేజీలే గుర్తొస్తాయి. ఎంత బాధపడ్డామో చెబితే పాఠకుడు జాలిపడతాడు. ఎక్కడ దెబ్బతిన్నామో వెతికి చూపిస్తే తన బతుకును కూడా తడిమి చూసుకుంటాడు.

అతను అన్నీ చెప్పలేదు. ఆసుపత్రుల పాలైన భార్య జెల్డా మానసిక వ్యాధి ఊసు ఎత్తలేదు. ఆ కథ చెప్పే హక్కు ఆమెది కనుక ఆ మౌనాన్ని గౌరవిస్తాను. తాగుడును మాత్రం పక్కకు నెట్టేశాడు. అది సొంత గాయం, అక్కడ తప్పించుకున్నాడు. ఆత్మకథనం రాసేవాళ్లు ఈ రెండు మౌనాల మధ్య తేడా తెలుసుకోవాలి.

ఇకపై రచయితగా మాత్రమే ఉంటాను, మనుషులకు నన్ను నేను పంచిపెట్టను అని మూడో వ్యాసంలో తీర్మానించుకున్నాడు. ఆ మాట నిలబడలేదు. 1937లో హాలీవుడ్ వెళ్లి, అప్పులు తీర్చడానికి, భార్య వైద్యానికి, కూతురి చదువుకు సినిమా స్క్రిప్టులు రాశాడు. కూతురికి ఎంతో ప్రేమతో ఉత్తరాలు రాశాడు. 1940 డిసెంబర్ 21న, నలభై నాలుగేళ్లకే గుండెపోటుతో పోయేనాటికి కొత్త నవల సగంలో ఉంది.

అంతమాత్రాన ఆ వ్యాసాలు అబద్ధం కావు. రాసిన రోజుకు అవి నిజం. కుంగిపోయినవాళ్లు రాయాలి, దాచకుండా రాయాలి. కానీ ఆ రోజు తేల్చుకున్నదే మొత్తం జీవితానికి తీర్పు అనుకోకూడదు.