బన్నులో రంధ్రము, స్ఫటికములో ఎలక్ట్రాను

2016 అక్టోబరులో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించినపుడు, బహుమతి సంఘ సభ్యుడు థోర్స్ హాన్స్ హాన్సన్ ఒక బన్నును, ఉంగరము వంటి రొట్టెను, రెండు రంధ్రముల ప్రెట్జెలును విలేఖరులకు చూపెను. రంధ్రములు ఒకటి ఉండవచ్చును, రెండు ఉండవచ్చును, ఒకటిన్నర ఉండదు. టోపాలజీ అను గణితశాఖ సారమిదియే. చక్కని ప్రదర్శనము. తెలుగు బడులలో బూరె, గారె చాలును. 1982లో థౌలెస్, ఆయన సహచరులు వివరించిన క్వాంటం హాల్ ఫలితమునకు ఈ పోలిక బాగుగా అమరును. అచ్చట వాహకత పూర్ణసంఖ్యల మెట్లుగా పెరుగును.

టోపలాజికల్ బంధకముల వద్దకు వచ్చునప్పటికి పోలిక కుంటుపడును. విద్యార్థి బిస్మత్ సెలినైడు స్ఫటికములో రంధ్రముల కొరకు వెదకును. అవి అందు లేవు. టోపాలజీ వర్తించునది స్ఫటికపు ఆకారమునకు గాదు, అందలి ఎలక్ట్రాను తరంగముల అమరికకు. పైగా, 2005లో కేన్, మెలె చూపినట్లు, అయస్కాంతత్వము లేని ఇట్టి పదార్థములలో లెక్కకు వచ్చునది సరి, బేసి అను భేదమే. ప్రెట్జెలుకు ఇందు చోటు లేదు.

అసలు ప్రశ్న వేరు. లోపల బంధకమైన దిమ్మ ఉపరితలమున విద్యుత్తును ఏల ప్రవహింపనిచ్చును? బిస్మత్ వంటి బరువైన మూలకములలో ఎలక్ట్రాను స్పిన్నుకు, చలనమునకు గల బంధము బలమైనది. అది శక్తి పట్టీల క్రమమునే తలక్రిందులు చేయగలదు. అట్టి స్ఫటికము ఒక తరగతి, వెలుపలి శూన్యము వేరొక తరగతి. నిండిన పట్టీకి, ఖాళీ పట్టీకి నడుమనున్న అంతరము మూసుకొననిదే తరగతి మారదు. కనుక సరిహద్దున అది మూసుకొని తీరవలెను. ఎలక్ట్రానులకు దారి అచ్చటనే ఏర్పడును. పై పొరను చెక్కివేసినచో క్రొత్త ఉపరితలము వాహకమగును. ఈ మెట్టును ఏ బన్నూ చూపజాలదు.

ఉపరితలమున నిరోధమే ఉండదనుట మరొక అతిశయోక్తి. స్పిన్ దిశ చలనదిశతో ముడిపడియుండుటచే, అయస్కాంతత్వము లేని మలినము ఎలక్ట్రానును తిన్నగా వెనుకకు త్రిప్పలేదు. నిజమే. ప్రక్కకు మాత్రము మళ్లింపగలదు!

2009లో బిస్మత్ సెలినైడుపై కాంతిని ప్రసరింపజేసి, వెలికివచ్చిన ఎలక్ట్రానుల ద్వారా ఉపరితల స్థితులను గుర్తించిరి. దాని శక్తి అంతరము సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అయితే సెలీనియం పరమాణువులు అచ్చటచ్చట లోపించుటచే లోపలి భాగమును కొంత వాహకమైనది; ఉపరితల ప్రవాహమును వేరుచేసి కొలుచుట కష్టమైనది. పేరుకు బంధకము! ఈ సంగతి సులభ వ్యాసములలో అరుదుగా కానవచ్చును. టెల్లూరియము, ఆంటిమొని తగుపాళ్లలో కలిపి ఆ లోపమును తగ్గించినవారి శ్రమకు ఒక్క పంక్తియైనను దక్కదు.